బయటికి మడిచిన ఆకు

బాగేపల్లిలో చౌడమ్మ మెస్సుకు గోడ మీద రాయని నియమం ఒకటుంది. తిన్న ఆకు తిన్నవాళ్ళే ఎత్తాలి. తాలూకా కచేరీ గుమాస్తా అయినా, లారీ డ్రైవరయినా, రాగిముద్ద పూర్తిచేసి లేచేటప్పుడు ఆకు మడిచి, వెనుక గుమ్మం పక్కనున్న గంపలో వేసి, చేయి కడుక్కున్న తరువాతే డబ్బు చెల్లించాలి. ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి కనుక ఎవరికీ ఎవరూ చెప్పవలసిన పని ఉండేది కాదు. అందుకే, ఒక శ్రావణ మాసపు మధ్యాహ్నం మాసిన చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి ఒకడు కడుపునిండా తిని, ఆకు అట్లాగే వదిలి, ఎవరో వచ్చి తీస్తారన్న ధీమాతో చేయి కడగడానికి లేచినప్పుడు, మెస్సంతా ఒక్క క్షణం తినడం ఆపి చూసింది.

"ఏమప్పా," అన్నది చౌడమ్మ, గరిటె దించకుండానే. "ఆ ఆకు ఎవురు ఎత్తాల? మీ అత్తగారు వస్తాండారా?"

అందరూ నవ్వారు. ఆయన ముఖం ఎర్రబడింది. వెనక్కి వచ్చి రెండు చేతులతో ఆకును ఎత్తుకున్నాడు. ఎత్తడంలోనే ముద్దకు పోసిన సారు కారి చొక్కా అంచు తడిసింది.

"తప్పైపాయ తల్లీ. ఇంటామె పోయినప్పట్నుంచీ తెలివి నిలకడగా లేదు," అన్నాడు.

చౌడమ్మకు నవ్వు ఆగిపోయింది. నలభై ఏడేళ్ళ ఆమెకు కూడా భర్త పోయి పన్నెండేళ్ళయింది; అట్లాంటి మాట విన్నప్పుడు ఆమె దానిని తూచి చూడదు, నమ్ముతుంది. ఆకు ఎత్తడం ఎప్పుడూ రాని చేతులవి అని ఆమె కళ్ళు చూశాయి. దుఃఖంలో ఉన్న మనిషి అని మనసు అర్థం చెప్పుకున్నది. కళ్ళు చూసినది సరిగానే ఉంది.

పేరు వెంకటరాయప్ప అన్నాడు. చింతామణి వైపు ఒక మండీలో తూకం గుమాస్తాగా పనిచేశాననీ, ఆ పని పోయాక ఇక్కడికి వచ్చాననీ, బస్టాండు వెనుక గది తీసుకున్నాననీ చెప్పాడు. వయసు యాభై దాటింది. పిల్లలు లేరు. మరునాడు మళ్ళీ వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. ఆకు మడవడం, ఎత్తడం నేర్చుకున్నాడు. భోజనాల వేళ దాటిన తరువాత కూడా కూర్చుని, సాయంత్రం వంటకు కూరగాయలు తరగడంలో చేయి కలపసాగాడు.

తరగడం ఆయనకు రాలేదు; తూచడం మాత్రం వచ్చు. వంకాయలు అరచేతిలోకి తీసుకుని ఒకసారి ఎగరేసి, "అరకేజీకి ఒక కాయ తక్కువ," అనేవాడు. చౌడమ్మ తక్కెడలో వేస్తే అంతే తూగేది. చిక్కుడుకాయలైనా, అల్లమైనా, గుప్పెడు చింతపండైనా అంతే.

"మండీలో తూకపు రాయి నువ్వే గదప్పా," అనేది ఆమె.

"రాయికి జీతం ఇవ్వాల్సిన పని లేదు. నాకు ఇవ్వాల. అందుకే తీసేసినారు," అనేవాడు.

ఇట్లా నవ్వించే మనిషి ఒకడు ఆ మెస్సులో చేరడం ఆమెకు అలవాటయింది. కార్తీకం వచ్చేసరికి ఆయన చేతిలో డబ్బు అయిపోయిందన్నాడు. ఆమె డబ్బు తీసుకోవడం మానేసింది. ఆయన సందేహిస్తూ జేబులో చేయి పెడితే, "పెట్టుకోప్పా, పెట్టుకో. పని దొరికినాక చూస్తాములే," అని ఆకు వేసేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన కళ్ళలో ఒక తడి మెరిసేది. కృతజ్ఞత అనుకున్నది.

ఆయనకు ఒకే ఒక చెడ్డ అలవాటు కనిపించింది: అడిగిందే అడగడం.

"నా దగ్గర ఏమీ లేదు చౌడమ్మా. ఏంటికి పెడతాండావు నాకు?"

"ఆకలిగా ఉండాది గదా, దానికి."

"అంతేనా?"

"ఇంకేముండాల?"

నాలుగు దినాలు పోయాక మళ్ళీ అదే ప్రశ్న. ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే, ఆమె చెప్పింది: "నువ్వు రాకముందు ఈ కాయలు ఒలిచేటప్పుడు నేను ఎవురితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడు పొద్దున లేస్తానే, మధ్యాన్నం నీకు ఏం చెప్పాల అని దాచి పెట్టుకుంటాండా. సాలునా? ఇంక అడగొద్దు."

ఆయన ఆమె ముందున్న కాయలు సగం తనవైపుకు లాక్కున్నాడు. చౌడమ్మ జీవితంలో అంతకుమించి ఎవరికీ చెప్పుకున్న మాట లేదు.

మాఘంలో, నంది అనే ఊళ్ళో ఉండే ఆమె అక్క పుట్టమ్మకు జబ్బు ముదిరింది. పుట్టమ్మ అక్క అన్న మాటే గానీ, తల్లి చనిపోయిన నాటి నుంచి చౌడమ్మను చంకనెత్తుకుని పెంచినది ఆమే. భర్త పోయిన తరువాత చెల్లెలు ఎవరింటి వాకిట్లోనూ నిలబడకూడదని, తన గొర్రెలు అమ్మి మెస్సుకు మొదటి గుండిగలు కొనిచ్చినది కూడా ఆమే. కామెర్లు అన్నారు, కాలేయం అన్నారు; చిక్కబళ్ళాపురంలో ఆసుపత్రిలో పెట్టి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పుట్టమ్మ కూతురు రంజిత ఫోను చేసింది.

"చిన్నమ్మా, యాడుండావు? అమ్మ నిన్నే అడుగుతా ఉండాది. మాట తడబడతాండాది."

"వస్తాండా రంజితా. మెస్సు మూసేసి సాయంత్రం బస్సుకే వస్తాండా."

సంచి సర్దుకుని, వెంకటరాయప్పకు ఒక మాట చెప్పిపోదామని బస్టాండు వెనుక గదికి వెళ్ళింది. ఆయన చాప మీద ముడుచుకుని పడి ఉన్నాడు. పక్కన ముప్పై ఏళ్ళ వాడొకడు మాత్రలు పట్టుకుని కూర్చున్నాడు. మండీలో కలిసి పనిచేసినవాడు, పేరు దర్శన్ అన్నారు. డాక్టరు చూసి పోయాడనీ, జ్వరం తలకెక్కితే ప్రమాదమన్నాడనీ, తానేమో ఈ సాయంత్రమే చింతామణికి పోక తప్పదనీ ఆ దర్శన్ చెప్పాడు. నుదురు తాకి చూస్తే పెద్ద వేడి తగల్లేదు. మాత్ర పనిచేసిందేమో అనుకున్నది.

"మా అక్కకు బాగాలేదప్పా. నందికి పోవాల," అన్నది.

"పోమ్మా, పో. నాకెవురుండారు? తలుపు దగ్గరికేసి పో. ఎట్లైతే అట్లాయ," అన్నాడాయన గోడవైపు తిరిగి.

ఆమె సంచి విప్పింది. రేపు పోతాను అనుకున్నది. మరునాడు సంచి కట్టగానే ఆయన మూలుగు పెద్దదయింది. ఆ మరునాడూ అంతే. గంజి కాచింది, తడిగుడ్డ వేసింది, మెస్సుకు తాళం వేసింది. రంజిత ఫోను వచ్చినప్పుడల్లా గుమ్మం బయటికి వెళ్ళి, గొంతు తగ్గించి, "రేపు," అని చెప్పింది. గది చిన్నది, తగ్గించినా లోపలికి వినిపిస్తుంది.

ఐదో నాడు ఆయన లేచి కూర్చుని గంజి తాగాడు. ఆమె పరుగున బస్సెక్కింది. పేరేసంద్రలో బస్సు ఆగింది. కిటికీ కింద ఒకామె వేడి వేరుశనక్కాయలు అమ్ముతున్నది. పుట్టమ్మకు ఇష్టమని ఒక పొట్లం తీసుకుని, చిల్లర కోసం చేయి చాచినప్పుడు ఫోను మోగింది. రంజిత ఏడ్చింది. నందికి చేరేదాకా ఆ పొట్లం చౌడమ్మ ఒళ్ళో వెచ్చగానే ఉంది.

పదకొండో దినానికి వెంకటరాయప్ప నందికి వచ్చాడు. వంట చౌడమ్మే చేసింది. ఆ వైపు దినాల వంట చెప్పకనే తెలిసిపోతుంది: ఉల్లి, వెల్లుల్లి లేని సారు, పచ్చి అరటికాయ కూర, గారెలు, నువ్వులుండలు. శుభకార్యానికి తప్పనిసరి అయిన ఓళిగ, అదే బొబ్బట్టు, మాత్రం ఉండదు. ఆయన బంతిలో కూర్చుని నెమ్మదిగా తిన్నాడు. తినడం అయ్యాక, ఆకు పై అంచు పట్టుకుని, అలవాటుగా తనవైపుకు మడవబోయాడు. చౌడమ్మ గబుక్కున వంగి మణికట్టు పట్టుకున్నది.

"అట్లా కాదప్పా! బయటికి. పెండ్లికైతే మనవైపుకు మడుస్తాము, ఇట్లాంటివి ఇంకా రావాల అని. చావుకు బయటికి మడవాల, ఈ పొత్తు ఇంతటితో సాలు అని. ఎప్పుడూ ఇంకొకరి చావింట్లో తినలేదా నువ్వు?"

"లేదు," అన్నాడాయన. "మా ఇంట్లో నన్ను పంపరు. యాపారానికి మంచిది కాదని."

వ్యాపారమా, ఈయనకేం వ్యాపారం అని ఒక ప్రశ్న ఆమె మనసు అంచు దాకా వచ్చింది. అప్పుడే ఎవరో మజ్జిగ అడిగారు.

ఫాల్గుణం చివర్లో ఒక ఉదయం మెస్సు ముందు పెద్ద తెల్ల కారు ఆగింది. నడుపుతున్నవాడు ఆనాటి దర్శన్. వెనుక సీట్లో ఇస్త్రీ చొక్కా, బంగారు గడియారంతో వెంకటరాయప్ప. ఎక్కమన్నాడు. ఏదో మంచి పని దొరికిందేమో, యజమాని కారు ఇచ్చాడేమో అని చౌడమ్మ దారంతా అనుకున్నది. చింతామణిలో రెండంతస్తుల ఇంటి ముందు దిగినప్పుడు, గేటు తీసినవాడు ఆయనకు నమస్కారం పెట్టేదాకా అట్లాగే అనుకున్నది.

లోపల ఉయ్యాల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆయన అక్క, అంబుజమ్మ. దర్శన్ ఆవిడ కొడుకు.

"చూడక్కా, తెచ్చినాను," అన్నాడాయన. తరువాత చౌడమ్మ వైపు తిరిగి, ఎన్నో నెలలుగా దాచుకున్నది ఒక్కసారి ఒలకబోసినట్టు చెప్పాడు. తన పేరు కోదండరామ. ఊరి బయట నూనె మిల్లులు రెండూ, పెద్ద వీధిలో కల్యాణ మంటపం తనవే. భార్య పోయిన తరువాత మూడు సంబంధాలు వచ్చాయి. మూడిట్లోనూ మొదట ఆస్తి పత్రాలు అడిగారు. ఒకనాడు ఇదే హాలులో, ఇరవై మంది చుట్టాల ముందు, ఈ అక్కే అన్నది: దుడ్డు తీసేస్తే నీ వెనక ఒక కుక్క కూడా రాదురా అని.

"అందుకే పోయినాను. వట్టి చేతుల్తో పోయి, నన్ను నన్నుగా చూసే మనిషిని తెస్తానని ఈ అక్కతో పందెం పెట్టుకుని పోయినాను. అన్ని పరీక్షల్లోనూ నువ్వు గెలిస్తివి చౌడమ్మా! దుడ్డు లేదంటే ఊరికే పెడితివి. జరమంటే అంగడి మూసి కూర్చుంటివి."

"జరమంటే?" అన్నది చౌడమ్మ.

దర్శన్ నవ్వాడు. "జరం లేదత్తా. డాక్టరూ రాలేదు, జరమూ రాలేదు. మామ ఆ ఐదు దినాలూ గంజి తాగలేక నువ్వు ఇంటికి పోయినాక రాత్రిళ్ళు నాకు ఫోన్ చేసి ఏడ్చినాడు, బిస్కెట్లు తెమ్మని."

ఉయ్యాల గొలుసు కిర్రుమన్నది. అంబుజమ్మ పెదవి కొస వంకర తిరిగింది.

"రంజిత ఫోన్ చేసినప్పుడు," అన్నది చౌడమ్మ నెమ్మదిగా, "నీకు వినపడతా ఉండెనా?"

కోదండరామ ఆమె ముఖంలో ఏమీ చూడలేదు. తన సంతోషం తప్ప ఆ గదిలో ఆయనకు ఏమీ కనిపించడం లేదు. "వినపడింది. అదే గదా పెద్ద పరీక్ష! రెండో దినమే లేచేద్దామనుకున్నా. అప్పుడు ఈ అక్క ఫోన్‌లో అన్నది, సొంత అక్క పిలిస్తే పోతుంది చూడు, నీ దగ్గర ఉండదు అని. చుట్టాలంతా ఇక్కడ కూర్చుని దినమూ అదే మాట: పోతాదా, పోదా. నువ్వు పోలేదు!" గొంతు తగ్గించాడు. "ఆమె పోతాదని నాకేం తెలుసు? తెలిస్తే చేస్తానా? అది మన చేతిలో లేదు గదా."

చౌడమ్మ చేతిలో కాఫీ లోటా ఉంది. అది ఆయన ముఖం మీద విసరాలని చేయి ఒకసారి బిగిసింది. విసిరితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఆడమనిషి కోపం అంటారు. నాలుగు దినాల్లో చల్లారుతుందంటారు. ఒక పట్టుచీర, ఒక జత గాజులు పంపుతారు. ఈ ఇంట్లో కోపానికి కూడా ఒక వెల ఉంటుంది. అంబుజమ్మ ఆ వెల ఎంతో అప్పుడే అంచనా వేస్తున్నట్టు చూస్తున్నది.

పరీక్ష పెట్టేవాడు తాను పరీక్షకు బయట ఉన్నాననుకుంటాడు. ఆ గదిలో ఐదు దినాలు పరీక్షకు గురైనవాళ్ళు ఇద్దరు. మూలుగుతున్న మనిషి, గోడ అవతలి నుంచి ఒక చావు దగ్గరపడుతున్న మాట విని, మూలుగు పెంచాడు. ఆ ఫలితం కోదండరామ ఎక్కడా చూసుకోలేదు. చూసినది చౌడమ్మ ఒక్కతే.

ఆమె కాఫీ పూర్తిగా తాగి లోటా కింద పెట్టింది.

"నాకు నీ ఇల్లు వద్దు, మిల్లు వద్దు. ఒకటే అడుగుతాండా," అన్నది. "ఆ దినం ఈ హాల్లో ఉండి, నీ వెనక కుక్క కూడా రాదన్నప్పుడు నవ్వినోళ్ళు, నేను పోతానో పోనో అని మాట్లాడుకున్నోళ్ళు, అందరినీ పిలువు. ఒక్కరూ తప్పకూడదు. తాంబూలాలు నీ మంటపంలోనే. వంట మాత్రం నాది. వేరే చేయి పడకూడదు."

కోదండరామ కళ్ళనీళ్ళు తుడుచుకుని అక్క వైపు గర్వంగా చూశాడు. తాను కోరుకున్నది, అందరి ముందూ రుజువు, ఆమే అడిగి ఇస్తున్నది.

రంజితకు జ్వరం సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల మొదట నమ్మలేదు. నమ్మిన తరువాత కేకలు పెట్టింది. "పోలీసులకు చెప్తాము చిన్నమ్మా! ఊరికే పోనిస్తామా?"

"ఏమని చెప్తావు? జరం లేకుండా మూలిగినాడనా? ఏ స్టేషన్‌లో రాసుకుంటారు దాన్ని?" అన్నది చౌడమ్మ. "తాంబూలాల దినం నువ్వు నాతో రావాల. గారెలకు ఉద్దిపప్పు నానేసి రుబ్బాల."

"తాంబూలాలా? ఆయప్పను చేసుకుంటావా నువ్వు?"

"పప్పు రుబ్బేదానికి రమ్మంటి. నువ్వులు కూడా రెండు పడులు ఏరి పెట్టు."

రంజిత పిన్నమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, చేట తెచ్చుకున్నది.

చైత్రంలో ఆ దినం వచ్చింది. చింతామణి కల్యాణ మంటపానికి పూలదండలు, అరటి చెట్లు కట్టారు. నూరు మంది దాకా వచ్చారు; చింతామణి వ్యాపారులు, చిక్కబళ్ళాపురం నుంచి చుట్టాలు. రైతు బిడ్డ, అందులోనూ విధవ, మెస్సు నడిపే మనిషి శెట్లింటికి రావడం చూడాలని వచ్చినవాళ్ళే ఎక్కువ. తాంబూలాలు మార్చుకునేది భోజనాల తరువాత అని చౌడమ్మ ముందే పట్టుబట్టింది. వంటగది తలుపులు తెల్లవారినప్పటి నుంచి మూసే ఉన్నాయి.

మొదటి బంతి కూర్చుంది. నడుమ కోదండరామ, ఒక పక్క అంబుజమ్మ, మరో పక్క దర్శన్. ఆకులు పడ్డాయి. ఉప్పు పడింది. కూర వచ్చింది.

"అరటికాయ కూరా?" అన్నాడు ఒక ముసలి చుట్టం. "ముందు తీపి పడాల గదా?"

"మెస్సామె గదన్నా, పద్ధతి ఆమెకేం తెలుస్తాది," అని ఎవరో నవ్వారు. ఆకలి మీద ఉన్నారు, రుచి అద్భుతంగా ఉంది, కలుపుకున్నారు. అన్నం, సారు వచ్చాయి. గారెలు వచ్చాయి.

"ఓళిగ యాడ?" అంబుజమ్మ గొంతు పెంచింది. "ఓయ్, తాంబూలాలకు ఓళిగ లేకుండా ఆకేస్తారా ఎవురన్నా?"

జవాబుగా రంజిత పెద్ద పళ్ళెంతో బంతి మొదటి నుంచి వడ్డించుకుంటూ వచ్చింది. ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క నల్లని ఉండ. ముసలి చుట్టం దానిని వేలితో కదిపి చూసి, పాము తగిలినట్టు చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వులుండ... ఉల్లిగడ్డ లేని సారు... అరటికాయ... అమ్మా అంబుజమ్మా! ఇది దినాల వంట!"

బంతి మొత్తం నోటి దగ్గరి చేయి ఆపింది. సగం మంది మింగేసి ఉన్నారు. అంబుజమ్మ ముఖం సున్నం కొట్టినట్టు అయింది. వ్యాపారానికి చెడు అని పరాయి చావింటి గడప తొక్కని ఆ వంశం, తన సొంత మంటపంలో, పూలదండల కింద, కడుపునిండా చావు భోజనం చేసింది.

చౌడమ్మ వంటగది నుంచి బయటికి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ బంతి ఎదుట నిలబడింది.

"అవునప్పా, దినాల వంటే," అన్నది. గొంతు పెద్దది చేయలేదు, చేయనవసరం లేకపోయింది. "బాగేపల్లిలో వెంకటరాయప్ప అనే మనిషి ఉండె. దుడ్డు లేదు, దిక్కు లేదు. వంకాయ అరచేతిలో ఏసుకుని తూకం చెప్పేవాడు. ఆయప్ప పోయినాడు. నా అనేవాళ్ళు ఎవురూ లేరని చెప్పుకుండె గనక, పదకొండో దినం నేనే చేయాల్సి వచ్చింది. మీరంతా ఆయప్పకు బాగా తెలిసినోళ్ళు. ఆయప్ప జరంతో మూలిగిన ఐదు దినాలూ, నేను మా అక్క దగ్గరికి పోతానో పోనో అని ఇక్కడ కూర్చుని కాఫీ తాగుతా చూసినారంట. మా అక్క పుట్టమ్మ ఆ ఐదు దినాలూ వాకిలి వైపే చూసింది. మీరు చూసిన ఆటకు కూడు పెట్టాల గదా. తినండి. కడుపు నిండా తినండి."

ఎవరో లేవబోయారు. బంతి మధ్యలో లేవకూడదన్న భయం మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ భయానికి అర్థం లేదు. నువ్వులకూ తెలియదు, ఆకుకూ తెలియదు శుభమేదో అశుభమేదో. కానీ తెలుసునని నమ్మేవాళ్ళ కోసమే చౌడమ్మ ఆ వంట వండింది.

"చౌడమ్మా!" కోదండరామ ఆకు ముందు నుంచే చేతులు చాచాడు. "నేను బతికే ఉండాను గదా! నీ ఎదురుగా ఉండాను, చూడు!"

"మీరు కోదండరామ శెట్టిగారు," అన్నది ఆమె. "మిమ్మల్ని నేను ఎరగను."

ఎప్పుడూ నువ్వు అనే నోట ఆ 'మీరు' విని ఆయన చేతులు దిగిపోయాయి.

బంతి చివర ఖాళీగా ఉన్న ఆకు ముందు చౌడమ్మ కూర్చుంది. అన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నది. నువ్వులుండ తుంచి నోట్లో వేసుకుంది. తరువాత ఆకు కింది అంచు పట్టుకుని, నూరు మంది చూస్తుండగా, తొందర లేకుండా, బయటికి మడిచింది. తానే ఎత్తుకుని లేచింది.

కోదండరామ ఆమె వెనకాలే గుమ్మం దాకా వచ్చాడు. ఎంగిలి చేయి అట్లాగే ఉంది.

"తప్పు చేసినా. ఏం శిక్ష వేసినా సరే. ఒక్క మాట మాత్రం చెప్పి పో," అన్నాడు. "ఆ దినం చిక్కుడుకాయలు ఒలుస్తా చెప్పిన మాట... అది నిజమా కాదా? నీకు నా మీద నిజంగా ఉండెనా, లేదా? ఈళ్ళ ముందర ఆ ఒక్క మాట చెప్పు. ఇంకేమీ అడగను."

ఆయన ఏడు నెలలకు పైగా వేషం కట్టినది ఆ ఒక్క మాట కోసమే. ఆ మాట ఇప్పటికీ చౌడమ్మ నాలుక మీద ఉంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, నిజం చెప్పడానికి ఇష్టం లేదు.

"ఆ మాట చెప్పింది వెంకటరాయప్పకు," అన్నది. "ఆయప్పనే అడుక్కోండి."

వెనుక నుంచి అంబుజమ్మ గొంతు వినిపించింది: "నువ్వెవురో ముందే కనిపెట్టి లెక్క వేసుకునే ఉంటుందిరా. అంతా నాటకం. నేను చెప్పలా? ఒక కుక్క కూడా రాదని?"

కోదండరామ జవాబు చెప్పడానికి నోరు తెరిచి, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని గ్రహించడం చౌడమ్మ చూసింది. ఊరికే పెట్టిన అన్నం, విప్పిన సంచి, కాచిన గంజి అన్నీ ఉన్నాయి. కానీ వాటికి ఇప్పుడు రెండు అర్థాలు చెప్పవచ్చు, ఏది సరైనదో తేల్చగలిగిన మనిషి ఒకతే, ఆమె మాట్లాడదు. ఇక అక్క ముందు, చుట్టాల ముందు, ఒంటరిగా ఉన్నప్పుడు తన ముందు తాను కూడా, ఆయన ఆ సంగతిని ఏనాటికీ రుజువు చేసుకోలేడు. ఆమె ఆకును మంటపం బయట కుప్పలో వేసి, చేయి కడుక్కుని, రంజితతో కలిసి బస్టాండు వైపు నడిచింది.

పుట్టమ్మకు ఇదేమీ తెలియదు. పోయినవాళ్ళకు ఏదీ తెలియదని చౌడమ్మకు తెలుసు. అక్క ఆత్మ శాంతించిందని రంజిత అన్నప్పుడు ఆమె తల ఊపలేదు. తాను చేసినది అక్క కోసం కాదు, అక్క పేరు మీద తన కోసం. అందులో ఆమెకు సిగ్గు లేదు. మళ్ళీ చేయమంటే మళ్ళీ చేస్తుంది. అయితే ఆ తరువాత చాలా దినాలు, సాయంత్రం కూరగాయల ముందు కూర్చున్నప్పుడు, వంకాయలు నాలుగు అరచేతిలోకి తీసుకుని, తూకం చెప్పేవాళ్ళు లేక, మళ్ళీ గంపలో పెట్టేది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, మెస్సు నిండుగా ఉన్నప్పుడు, కోదండరామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, బంగారు గడియారం, అన్నీ తనవే. కారు కనిపించలేదు. గుమ్మం దగ్గర వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక మూలన కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. చౌడమ్మ ఆకు వేసింది, ముద్ద పెట్టింది, సారు పోసింది. పక్కవాడికి ఎంత పోసిందో అంతే పోసింది. ఆయన తల వంచుకుని తిన్నాడు. ఒక్క మాట అడగలేదు.

తినడం అయ్యాక ఆకు ముందు చాలాసేపు కూర్చున్నాడు. పై అంచు మీద ఒక చేయి, కింది అంచు మీద ఒక చేయి. ఎటు మడవాలో ఆమె చెబుతుందేమో అన్నట్టు తలెత్తి చూశాడు. చౌడమ్మ గుండిగలో గరిటె తిప్పుతున్నది. చివరికి ఆయన ఆకును ఎటూ మడవకుండానే రెండు చేతులతో ఎత్తుకుని, ఒక్క చుక్క కారకుండా తీసుకుపోయి గంపలో వేశాడు. చేయి కడుక్కున్నాడు. ఆమె ముందుకు వచ్చి నిలబడి, జేబులో చేయి పెట్టాడు.

పెట్టుకోప్పా, పెట్టుకో అని ఒకప్పుడు అన్న గొంతు అదే. ఆయన ఆ మాట కోసమే చూస్తున్నాడని ఆమెకు తెలుసు. జేబులోంచి చేయి బయటికి రావడానికి పట్టిన సమయంలో తెలిసింది.

"డెబ్బై," అన్నది చౌడమ్మ.

ఐదు వందల నోటు ఇచ్చాడు. ఆమె గల్లాపెట్టె తీసి, చిల్లర ఒక్క రూపాయి తేడా లేకుండా సరిచూసి, ఆయన అరచేతిలో పెట్టింది. ఆ అరచేయి దానిని తూచినట్టు ఒక్క క్షణం గాలిలో నిలిచి, తరువాత మూసుకుంది.

"తరువాత ఎవురప్పా?" చౌడమ్మ ఆయన భుజం మీదుగా గుమ్మం వైపు చూసి పిలిచింది. "చోటు ఖాళీ అయింది. రాండి, కూర్చోండి."